చిప్పు పీటమీద పగటివేషగాడు

మాస్టారి విజ్ఞాన శీర్షిక



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి జగ్గయ్యపేటలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి రాసింది. "మాస్టారూ, మా అన్నయ్య ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు, 'ఎమ్యులేటరును అమర్చుకోవటానికి రెండు రోజులు పట్టింది, తప్పు పట్టుకోవటానికి పది నిమిషాలు పట్టింది' అన్నాడు. ఎమ్యులేటరు అంటే ఏమిటి? దాన్ని అమర్చటానికే అంత పొద్దు ఎందుకు పట్టింది?" అని అడిగింది.

ఈ ప్రశ్నలో రెండో సగం నాకు చాలా నచ్చింది. ఒక పరికరం పేరేమిటో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. దాన్ని అమర్చుకోవటం ఎందుకు కష్టమో ఆలోచించేవాళ్ళు తక్కువ. అసలు విద్య అంతా ఆ అమర్చటంలోనే ఉన్నది.

నోరులేని గుమాస్తాలు

జగ్గయ్యపేట, నందిగామ తాలూకు ఊళ్ళను కృష్ణాజిల్లా మెట్ట అని పిలవటం మనకు అలవాటు. 2022 నుంచి ఇవి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినా, మెట్ట మెట్టే గదా! ఈ మెట్టలో ఒక చిన్న ప్రయాణం చేసి చూడండి. పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాటాలో ఒక చిప్పు ఉన్నది. బస్సు కండక్టరుగారి టిక్కెట్ల మిషనులో ఒక చిప్పు ఉన్నది. చిల్లకల్లు దగ్గరా, కీసర దగ్గరా హైదరాబాదు రోడ్డుమీద కార్లను లెక్కపెట్టి గేటు ఎత్తే చోట కూడా చిప్పులున్నాయి. చేలో బోరు మోటారుకు బిగించిన ఆటోమేటిక్ స్టార్టరులోనూ ఉన్నది.

ఇవన్నీ చిన్న కంప్యూటర్లే. కాని వీటికి బల్లమీది కంప్యూటరుకు ఉన్నంత పెద్ద తెరా లేదు, మీటల పలకా లేదు. ఒక్కొక్కటి ఒక్కటే పని నేర్చుకుని, పొద్దస్తమానం అదే పని చేస్తూ ఉంటుంది. ఆ పని ఎలా చెయ్యాలో వరుసగా రాసిన ఆజ్ఞలనే ప్రోగ్రాం అంటారు. బల్లమీది కంప్యూటరులో తప్పు జరిగితే అది తెరమీద ఏదో ఒకటి రాసి చూపిస్తుంది. స్టార్టరు డబ్బాలోని చిప్పు అలా చెప్పలేదు. అది నోరులేని గుమాస్తా. లెక్క తప్పినా మౌనంగానే తప్పుతుంది. మోటారు కాలిపోయాక గాని మనకు సంగతి తెలియదు.

మరి నోరులేని గుమాస్తా ఏ వరసలో తప్పు చేశాడో కనిపెట్టటం ఎలా?

వేషం కట్టటం

వెనకటి రోజులలో మన ఊళ్ళకు పగటివేషగాళ్ళు వచ్చేవారు. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడగండి, చెబుతారు. రాత్రి నాటకంలో దీపాల వెలుగున వేషం ఎలా ఉన్నా చెల్లుతుంది. పగటిపూట, వీధిలో, పదిమంది ఎదుట నిలబడే వేషం అలా కాదు. కోమటి వేషం కడితే అచ్చం కోమటిలాగే మాట్లాడాలి, సాధువు వేషం కడితే నడక కూడా సాధువుదే కావాలి. ఎక్కడ తేడా వచ్చినా పిల్లలే పట్టేస్తారు.

ఎమ్యులేటరు చేసేది సరిగా ఇదే పని. స్టార్టరు డబ్బా విప్పి, చిప్పును దాని సాకెట్టులోనుంచి ఊడదీస్తారు. ఆ చోట ఒక తీగెల పట్టీ చివర ఉన్న ప్లగ్గును గుచ్చుతారు. పట్టీకి రెండో చివర ఒక పెట్టె ఉంటుంది. అదే ఎమ్యులేటరు. చిప్పు చేసే పనులన్నీ, అదే వేగంతో, ఇప్పుడు ఈ పెట్టె చేస్తుంది. పీటమీద కూర్చున్నది తన చిప్పేనని డబ్బా నమ్ముతుంది. కాని ఈ వేషగాడి చేతిలో ఒక రహస్యపు పుస్తకం ఉన్నది. ఏ క్షణాన ఏ ఆజ్ఞ నడిచింది, ఎక్కడినుంచి ఏ అంకె చదివింది, ఎక్కడ ఏ అంకె రాసింది, అంతా అందులో ఎక్కుతుంది. "ఫలానా చోట ఆగు" అంటే ఆగుతుంది కూడా.

ఇంటెల్ కంపెనీ తన మొదటి మైక్రోప్రాసెసరు 4004ను 1971లో అమ్మకానికి పెట్టింది. 1974లో 8080 వచ్చింది. 1975లో ఆ 8080 వేషం కట్టగల పెట్టెను ఐస్-80 అనే పేరుతో అదే కంపెనీ తెచ్చింది. అంతకుముందు ఇంజనీర్ల అవస్థ ఏమని చెప్పను! ప్రోగ్రాంను ఒక ప్రత్యేకమైన మెమొరీ చిప్పులో రాసేవారు. దాని నెత్తిన గాజు కిటికీ ఉండేది. ఒక్క ఆజ్ఞ మార్చాలన్నా, ఆ కిటికీ గుండా పావుగంటో, ఇరవై నిమిషాలో అతినీలలోహిత కిరణాలు పంపించి, ఉన్నదంతా చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి రాయవలసిందే. రోజుకు పది తప్పులు దిద్దితే రోజంతా చెరపటంతోనే సరి. ఎమ్యులేటరు తన మెమొరీనే ప్రోగ్రాంకు అరువిస్తుంది గనక మార్పు క్షణంలో జరిగిపోతుంది.

అసలు చెరపటానికే వీలులేని చిప్పులు కూడా ఉన్నాయి. ఎన్నికలలో వాడే ఓటింగు యంత్రాలు మీరు చూసే ఉంటారు. వాటిని హైదరాబాదులో 1967లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేస్తాయి. ఆ యంత్రంలోని చిప్పుకు ప్రోగ్రాం ఒక్కసారే రాయటానికి వీలుంటుందని ఎన్నికల సంఘం చెబుతున్నది. రాసిన తరవాత దిద్దటం లేదు. అటువంటి చోట తప్పులన్నీ రాయకముందే ఏరెయ్యాలి గదా!

ఒక స్టార్టరు కథ

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నందిగామకూ, జగ్గయ్యపేటకూ నడుమ ఒక మిరపచేను. అందులో బోరు. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు.

ఈ స్టార్టరుతో లోకానికి ఒక చిక్కున్నది. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని చేలలో మోటార్లూ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరుమీద మోపెడు భారం పడుతుంది. అందుకే విద్యుత్తు శాఖలవారు ఆటోమేటిక్ స్టార్టర్లు తీసెయ్యమని రైతులను కోరుతూ ఉంటారు. మన ఉదాహరణలోని స్టార్టరు తయారుచేసిన అమ్మాయి ఒక ఉపాయం చేసింది. కరెంటు రాగానే మోటారును లేపకుండా 40 సెకండ్లు ఆగమని చిప్పుకు నేర్పింది. పక్క చేలో స్టార్టరు 60 సెకండ్లు ఆగుతుంది, ఆ పక్కది 80. ఒకదాని తరవాత ఒకటి లేస్తాయి. అంతేగాక మూడు ఫేజులలో ఏ ఒక్కటి పోయినా మోటారును ఆపాలి. లేకపోతే మిగిలిన రెండు తీగెలలో కరెంటు పెరిగి, మోటారు చుట్టలు కాలిపోతాయి.

డబ్బా అమ్మాయి బల్లమీద చక్కగా పనిచేసింది. చేలో పెట్టాక రైతు వచ్చి, "అమ్మాయ్, నీ డబ్బా ఒక్కోసారి 40 సెకండ్లు ఆగుతున్నది. ఒక్కోసారి మూడు సెకండ్లకే మోటారును లేపుతున్నది. మరోసారి చూస్తే మూడు నిమిషాలైనా లేపదు," అన్నాడు.

"ఇక్కడ వందసార్లు చూశాను, బాబాయిగారూ. ఒక్కసారి కూడా తప్పలేదే!"

"నీ బల్లమీద పైరు లేదు గదమ్మా! మా చేలో ఉన్నది. మోటారు కాలితే నీళ్ళుండవు," అన్నాడాయన.

మీలో కొందరి బడులలో అటల్ టింకరింగ్ ల్యాబు ఉండవచ్చు. అక్కడ ఆర్డుయినోతో ఆడినవాళ్ళు, "ప్రోగ్రాంలో అక్కడక్కడ ఒక అంకె అచ్చువేయిస్తే తెలిసిపోతుంది గదా!" అంటారు. మంచి ఆలోచనే. కాని సెకండుకు 9600 బిట్ల వేగంతో ఒక్క అక్షరం పంపటానికి సుమారు ఒక మిల్లీ సెకండు పడుతుంది. ఆ వ్యవధిలో మన చిప్పు దాదాపు వెయ్యి చిన్న పనులు చేస్తుంది. పైగా అచ్చువేసే ఆజ్ఞలు కూడా ప్రోగ్రాంలో చేరి దాని నడకనే మార్చేస్తాయి. ఇన్‌స్పెక్టరుగారు తరగతిలోకి వస్తే పిల్లలందరూ బుద్ధిగా కూర్చుంటారే, అలా! తప్పు మాయమవుతుంది, ఆయన వెళ్ళగానే మళ్ళీ వస్తుంది. అందుచేత కనపడకుండా చూసే వేషగాడే కావాలి.

అయిదు జాగ్రత్తలు

అమ్మాయి వాడినది 8051 అనే రకం చిప్పు అనుకుందాం. 1980లో ఇంటెల్ తెచ్చిన ఈ చిప్పు మన పాలిటెక్నిక్కులలో ఎన్నో తరాల పిల్లలు నేర్చుకున్నదే. ఇప్పుడు వేషం కట్టటం చూడండి.

మొదటిది పీట. ఈ చిప్పుకు 40 కాళ్ళు. 40వ కాలికి 5 వోల్టుల కరెంటు, 20వ కాలు ఎర్తు. ప్లగ్గును తిరగేసి గుచ్చితే 40 ఉండవలసిన చోటికి 20, 20 చోటికి 40 వెళతాయి. ఎమ్యులేటరు పాడవటానికి అది చాలు. అందుకే ఒకటో కాలు గుర్తు చూసి, కరెంటు తీసేసి మరీ గుచ్చుతారు. సాధారణంగా ముందు ఎమ్యులేటరుకు, తరవాత డబ్బాకు కరెంటు ఇస్తారు. తీసేటప్పుడు ముందు డబ్బాకు తీస్తారు.

రెండోది నాడి. చిప్పు గుండె ఒక స్ఫటికం టిక్కుల మీద కొట్టుకుంటుంది. ఎమ్యులేటరుకు సొంత స్ఫటికమూ ఉంటుంది, డబ్బాలోని స్ఫటికాన్నీ వాడుకోగలదు. ఏది వాడాలో మనమే చెప్పాలి. డబ్బాలో ఉన్నది 11.0592 మెగాహెర్ట్‌జ్‌ది, ఎమ్యులేటరులో ఉన్నది 12 మెగాహెర్ట్‌జ్‌ది అనుకోండి. చెప్పటం మరిచిపోతే 60 సెకండ్ల నిరీక్షణ 55 సెకండ్లకే అయిపోతుంది. అప్పుడు లేని తప్పును వెతుకుతూ రోజంతా గడుస్తుంది.

మూడోది ఇంటి సరిహద్దు. ఈ చిప్పు ప్రోగ్రాం కోసం 65,536 మెమొరీ గదుల వరకు అడగగలదు, బయటి సామానుకోసం మరో అన్ని. వీటిలో ఏ గదులు ఎమ్యులేటరు ఇస్తుంది, ఏవి డబ్బాలోనే ఉన్నాయి అనే పట్టిక రాసి ఇవ్వాలి. డబ్బాలో అంకెలు చూపే పలక ఉన్న గదిని పొరపాటున ఎమ్యులేటరు పేర రాస్తే, పలకకు వెళ్ళవలసిన అంకెలు ఎమ్యులేటరు కడుపులో పడతాయి. పలక చీకటిగా ఉంటుంది. పాపం, మనం మంచి పలకను విప్పి చూస్తూ కూర్చుంటాం. 8085 వంటి చిప్పులలో ఇంకో గండం ఉన్నది. అసలు డబ్బాలో ప్రోగ్రాం ఉన్న గదులమీద ఎవరూ రాయలేరు. ఎమ్యులేటరు మెమొరీలో రాయవచ్చు. "ఇక్కడ రాయరాదు" అని తాళం వెయ్యకపోతే, ప్రోగ్రాం తనమీద తానే రాసుకునే తప్పు ఒకటి ఉంటే దాని స్వరూపమే మారిపోతుంది.

నాలుగోది ఆగటం. ప్రోగ్రాంను మధ్యలో ఆపితే ప్రోగ్రాం ఒక్కటే ఆగుతుంది, లోకం ఆగదు! మోటారు నడుస్తూ ఉండగా ఆపితే, ఫేజు పోయినా దాన్ని ఆపే దిక్కు ఉండదు. అందుచేత పరీక్ష చేసేటప్పుడు మోటారు బదులు ఒక దీపం బిగిస్తారు. డబ్బాలో కాపలా గడియారం ఒకటి ఉంటుంది. ప్రోగ్రాం కాసేపు పలకకపోతే, చచ్చిందనుకుని చిప్పును మొదటినుంచి నడిపిస్తుంది. మనం ఆపినప్పుడు అది కూడా నిద్రపోయేలా చూడాలి. లేకపోతే ఆపిన ప్రతిసారీ ఆధారాలన్నీ తుడిచేస్తుంది.

అయిదోది పుస్తకం. 12 మెగాహెర్ట్‌జ్ నాడి ఉంటే ఈ చిప్పు సెకండుకు పది లక్షల అడుగులు వేస్తుంది. పుస్తకంలో 4096 వరసలే ఉన్నాయనుకుంటే, అవి సెకండులో రెండు వందలో వంతు గడవకముందే నిండిపోతాయి. ఆ తరవాత పాతవి చెరిపి కొత్తవి రాస్తుంది. కాబట్టి ఎప్పుడు రాయటం ఆపాలో ముందే చెప్పాలి. ఏమని చెప్పాలి అంటే, మనకు ఒక అనుమానం ఉండాలి. అనుమానం లేనివాడికి ఎంత పెద్ద పుస్తకమైనా ఒక్కటే.

చూశారా? ఇందులో ఏ ఒక్కటి తప్పినా వేషం చెడుతుంది. చెడిన వేషం కేవలం పనికిరానిది కాదు, అబద్ధం చెబుతుంది. లేని తప్పును చూపిస్తుంది, ఉన్న తప్పును దాస్తుంది. అందుకే బుద్ధిమంతులు ముందు ఒక దీపాన్ని సెకండుకు ఒకసారి వెలిగించి ఆర్పే చిన్న ప్రోగ్రాం నడిపి, గడియారం పెట్టి సరిచూస్తారు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న వేసి సాక్షిని పరీక్షించటం అన్నమాట. అన్నయ్యకు రెండు రోజులు పట్టిందంటే, అవి వృథా అయిన రోజులు కావు.

పది నిమిషాల పని

అమ్మాయి అనుమానం ఇది: ఇంకా ఎన్ని సెకండ్లు ఆగాలో చిప్పు తన లోపలి మెమొరీలో 10వ గదిలో రాసుకుంటున్నది. దాన్ని మరెవరో చెరుపుతున్నారు. ఆమె ఎమ్యులేటరుతో, "సెకండ్లు లెక్కపెట్టే ముక్క తప్ప మరెవరు 10వ గదిలో రాసినా అక్కడే ఆగు" అని చెప్పింది. చేలో కరెంటు వచ్చేటప్పుడు రెండు మూడుసార్లు రెపరెపలాడుతుందని ఆమెకు గుర్తుకొచ్చింది. బల్లమీద కరెంటు అలా రెపరెపలాడదు. అందుకని ఫేజు సంకేతం వచ్చే తీగెకు చిన్న స్విచ్చి పెట్టి టపటపా నొక్కింది. ఆరో సారో, ఏడో సారో ఎమ్యులేటరు ఠక్కున ఆగింది.

పుస్తకం వెనక్కు తిప్పితే దొంగ దొరికాడు. చిప్పు ఒక పని మధ్యలో మరొక పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో రెండు గదులలో గుర్తు రాసుకుంటుంది. ఈ గుర్తుల చిట్టాను స్టాకు అంటారు. మనం వేరే చెప్పకపోతే 8051 చిప్పు ఈ చిట్టాను 8వ గదినుంచి మొదలుపెడుతుంది. చిన్న పనికి వెళితే 8, 9 గదులు నిండుతాయి. పని కాగానే ఖాళీ అవుతాయి. ఏమీ ప్రమాదం లేదు. కాని సరిగా ఆ చిన్న పనిలో ఉండగా ఫేజు రెపరెపలాడి, "ముందు నన్ను చూడు!" అని పిలిస్తే, మరో రెండు గుర్తులు 10, 11 గదులలో పడతాయి. 10వ గదిలోని 40 చెరిగిపోయి, గుర్తు అంకె అక్కడ కూర్చుంటుంది. అది 3 అయితే మోటారు మూడు సెకండ్లకే లేస్తుంది. 200 అయితే మూడు నిమిషాలు దాటినా లేవదు. రైతు చెప్పిన ప్రతి మాటా నిజమే!

మందు ఒక్కటే ఆజ్ఞ. చిట్టాను 8వ గదినుంచి గాక, ఎవరూ వాడని 48వ గదినుంచి మొదలుపెట్టమని ప్రోగ్రాం ఆరంభంలోనే చెప్పటం. చివరకు ఎమ్యులేటరును తీసేసి, అసలు చిప్పును పీటమీద కూర్చోబెట్టి, స్విచ్చి మళ్ళీ టపటపలాడించి చూడాలి. ఎంత మంచి వేషమైనా వేషమే. పని చెయ్యవలసినది అసలు చిప్పు.

ఇప్పటి చిప్పులు చాలావరకు పలకకు అతికించి ఉంటాయి, ఊడదీయటానికి వీలుపడదు. వాటి వేగం కూడా తీగెల పట్టీకి అందదు. అందుకని వేషగాడే చిప్పులోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఆగటానికీ, చూడటానికీ కావలసిన సరంజామా చిప్పులోనే పెట్టి, నాలుగయిదు తీగెలతో బయటినుంచి మాట్లాడుతున్నారు. జేటాగ్ అనే పద్ధతికి 1990లో ప్రమాణం ఏర్పడింది. రెండే తీగెలతో సరిపెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. అయినా నాడి సరిచూడటం, కాపలా గడియారాన్ని నిద్రపుచ్చటం, మోటారు బదులు దీపం పెట్టటం మాత్రం తప్పలేదు.

మీరే చేసి చూడండి

ఒక కాగితంమీద 0 నుంచి 11 వరకు పన్నెండు గదులు గీయండి. 10వ గదిలో పెన్సిలుతో 40 అని రాయండి. మీ చేతిలో ఒక కథల పుస్తకం ఉంచుకుని చదవటం మొదలుపెట్టండి. తమ్ముడు పిలిస్తే, ఏ పేజీలో, ఏ పంక్తిలో ఆపారో 8, 9 గదులలో రాసి లేవండి. తిరిగి వచ్చాక ఆ రెండూ చెరిపేసి చదవండి. ఇలా నాలుగుసార్లు చెయ్యండి. 40 భద్రంగానే ఉంటుంది. అయిదోసారి తమ్ముడి పనిలో ఉండగా అమ్మ పిలిచిందనుకోండి. ఆ పని ఎక్కడ ఆగిందో తరవాతి రెండు గదులలో రాయండి. అప్పుడు 40 ఏమయిందో చూడండి. నాన్నగారికో, అమ్మగారికో ఈ ఆట చూపించి, నాలుగుసార్లు రాని తప్పు అయిదోసారి ఎందుకు వచ్చిందో మీ మాటలతో చెప్పండి.

ఇక ఈ నెల లెక్క. 8051 చిప్పు లోపలి మెమొరీలో 0 నుంచి 127 వరకు గదులున్నాయి. చిట్టాను 48వ గదినుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్క పిలుపుకు రెండు గదులు కావాలి. పనిలో పని, దానిలో మరో పనిగా, ఎన్ని పిలుపుల వరకు చిట్టా సరిపోతుంది? ఆ తరవాత ఇంకొక్క పిలుపు వస్తే ఏం జరగవచ్చు? మొదటి ప్రశ్నకు జవాబు వచ్చే నెల చెబుతాను. రెండోదానికి మీ ఊహలు కార్డుమీద రాసి పంపండి. మంచివాటిని ఈ పేజీలోనే వేద్దాం.